గోనెపట్టాకి అటూ ఇటూ

ఆ ఊళ్ళో చిన్నమ్మాయి చేతులకి మర్యాద పది రోజులే.

ఎవరింట్లోనైనా నొప్పులు మొదలైతే పాలేరు పరిగెత్తుకొచ్చి పేట మొదట్లో నిలబడి కేకేసేవాడు. పేటంటే మాలపేట. కాలవ ఊరంతా తిరిగి, ఊరివాళ్ళ బట్టలూ గేదెలూ కడిగాక, ఆ మిగిలిన నీళ్ళతో పేట రేవుకి వచ్చేది. చిన్నమ్మాయి చీర మార్చుకుని, ఆముదం సీసా, దారపు ఉండా పట్టుకుని దొడ్డిదారిన వెళ్ళేది. మామూలు రోజుల్లో ఆవిణ్ణి పెరట్లో అరటిచెట్టు దాటి రానివ్వనివాళ్ళే, ఆవేళ మాత్రం రెక్క పట్టుకుని పడగ్గదిలోకి లాక్కెళ్ళేవాళ్ళు. "నువ్వే మా తల్లివి చిన్నమ్మాయీ, గట్టెక్కించు" అనేవాళ్ళు. బిడ్డ బయటపడ్డాక బొడ్డు కోసి, అక్కణ్ణించి పది రోజులపాటు రోజూ ఉదయమే వెళ్ళి, కాళ్ళమీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి వచ్చేది.

పదకొండో రోజున పురుడు. ఇల్లు కడుక్కునేవాళ్ళు. పసుపునీళ్ళు చల్లుకునేవాళ్ళు. చిన్నమ్మాయికి ఓ పాత చీర, కుంచెడు బియ్యం, బాలింత పడుకున్న చాప ఇచ్చి పంపేసేవాళ్ళు. ఆ రోజునుంచి ఆవిడ ఆ బిడ్డని ముట్టుకోకూడదు. నిన్నటిదాకా తన ఒళ్ళో కేరుమన్న పిల్ల రేపు నడుచుకుంటూ ఎదురొస్తే తనే పక్కకి తప్పుకోవాలి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఆ సామెత పుట్టించినవాడెవడో గానీ, వాళ్ళమ్మ మంత్రసానే అయ్యుండాలి.

చిన్నమ్మాయికి ఇది అన్యాయమని తెలియక కాదు. వాళ్ళమ్మ అదే పని చేసింది, అమ్మమ్మ కూడా అదే చేసింది. "పది రోజులైనా పిల్లల్ని ఎత్తుకుంటున్నాం, అది చాలదా" అనేది తల్లి. చాలదని చిన్నమ్మాయికి చిన్నప్పటినుంచీ అనిపించేది. ఎవరితోనూ అనలేదు. అని ఎక్కడికి పోతుంది?

తొంభైల్లో రోడ్డు పడింది, ఆటోలొచ్చాయి. పురుళ్ళన్నీ రాజమండ్రి ఆస్పత్రులకి పోయాయి. భర్త బుల్లియ్య అప్పటికే చనిపోయాడు. ఒక్కగానొక్క కూతురు మస్కట్‌లో ఎవరింట్లోనో పనికి కుదిరి, తన కూతురు సత్యవాణిని తల్లి దగ్గర వదిలి వెళ్ళింది. చిన్నమ్మాయి నాట్లకీ కోతలకీ పోతూ మనవరాల్ని సాకింది. ఊళ్ళో ఆవిడ పోసిన ఆఖరి పురుడు తొంభైయ్యారు తుపాను నాటిది. చెట్లు విరిగి రోడ్లకి అడ్డంగా పడ్డాయి, ఆటో కదిలే దారి లేదు. మోకాలి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి, వీరవేణి అనే రైతులమ్మాయికి పురుడు పోసింది. ఆడపిల్ల పుట్టింది. దేవిశ్రీ అని పేరు పెట్టారు. పేరయితే చిన్నమ్మాయి విన్నది గానీ, పదకొండో రోజు తర్వాత పిల్లని దగ్గరగా చూడలేదు.

రెండువేల మూడులో బళ్ళలో మధ్యాహ్నం అన్నం పెట్టాలని గవర్నమెంటు ఉత్తర్వు వచ్చింది. వండే పని డ్వాక్రా గ్రూపులకిచ్చారు. ఆ ఊళ్ళో అన్నిటికంటే పాత గ్రూపు పేట ఆడవాళ్ళది, దానికి పెద్ద చిన్నమ్మాయి. పని ఆ గ్రూపుకే వచ్చింది. బడి ఊరికీ పేటకీ మధ్యన ఉండటంతో పిల్లలు రెండువైపులనుంచీ వచ్చేవాళ్ళు. పెరట్లో రేకుల షెడ్డు వేశారు. చిన్నమ్మాయి కొబ్బరి మట్టలు మోపులు కట్టి తెచ్చుకుంది. గుండిగ తోమి తోమి అద్దంలా చేసింది. వయసు యాభై అయిదు దాటింది, అయినా ఆ ఉదయం ఆవిడ చాలా హుషారుగా ఉంది. ఇంతకాలం తర్వాత, తన చేత్తో భూమ్మీద పడ్డ పిల్లల్లో కొందరికైనా మళ్ళీ ఆ చేత్తోనే అన్నం పెట్టబోతోంది.

గంట కొట్టారు. పేట పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరస కట్టారు. ఊరి పిల్లలు లేచి, అవతలి అరుగు మీదికెళ్ళి, ఇళ్ళనుంచి తెచ్చుకున్న క్యారేజీలు విప్పుకున్నారు. ముందే ఇళ్ళల్లో చెప్పి పంపించారన్నమాట. చిన్నమ్మాయి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సగం గుండిగ అన్నం మిగిలింది.

పది రోజులు అలాగే నడిచింది. హెడ్మాస్టరు వీరబ్రహ్మంగారిది మెత్తటి ప్రాణం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. తినే పిల్లల లెక్క తగ్గితే పైనుంచి చీవాట్లు, గట్టిగా చెబితే ఊళ్ళోవాళ్ళతో పేచీ. చివరికి ప్రెసిడెంటు జగన్నాథరావుగారు దయతలిచి తీర్పు చెప్పారు. పేట పిల్లలకి చిన్నమ్మాయి వండుతుంది. ఊరి పిల్లలకి వీరవేణి వండుతుంది. షెడ్డు ఒకటే, పొయ్యిలు రెండు, గుండిగలు రెండు. నీడ కూడా పడకుండా మధ్యలో గోనెపట్టా కట్టాలి. ఆ చివరి మాట ప్రెసిడెంటుగారి భార్య సంపూర్ణమ్మది.

"గొడవల్లేకుండా సర్దుకుపోతే అందరికీ మంచిది గదండీ," అన్నారు వీరబ్రహ్మం మాస్టారు చిన్నమ్మాయితో. ఆయన ఆవిణ్ణి అండీ అని పిలిచేవారు, అంతమటుకు మంచాయనే. మర్యాదలో లోటు చెయ్యకుండా అన్యాయం చెయ్యడం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవాలి.

వీరవేణి పేరుకి రైతులమ్మాయి, సెంటు భూమి లేదు. పాము కరిచి మొగుడు పోయాక సంపూర్ణమ్మ ఇంట్లో గిన్నెలు తోముతూ దేవిశ్రీని పెంచుకుంటోంది. ఇద్దరికి వండుకునే మనిషి ఒక్కసారిగా అరవై మందికి వండాలంటే ఎలా? మొదటి రోజు అడుగు మాడింది, పైన పలుకు మిగిలింది. రెండో రోజు పప్పు ఉడకలేదు. మూడో రోజు గంజి వారుస్తుంటే చెయ్యి కాలింది. ఆ సాయంత్రం సంపూర్ణమ్మ బడి గేటు దగ్గరే తిట్టింది. "అన్నం వండటం రాని ఆడదానివేంటే నువ్వు? ఇలాగైతే ఇంకొకర్ని చూసుకుంటాం."

మర్నాడు పొద్దున్నే గోనెపట్టా అవతల ఏడుపు వినిపించింది. చిన్నమ్మాయి పొయ్యిలో మట్టలు ఎగదోసింది. తర్వాత పట్టా పక్కకి జరిపి, "ఎసరెంత పెట్టారు వీరవేణమ్మగారూ?" అంది.

వీరవేణి కళ్ళు తుడుచుకుని గుండిగ చూపించింది.

"ఆ బియ్యానికి ఆ నీళ్ళు చాలవండి. మీరలా పక్కన కూర్చోండి, నేను చూస్తాను."

"ఎవరైనా చూస్తే?"

"పట్టా ఉంది గదా," అంది చిన్నమ్మాయి.

ఆ రోజునుంచి రెండు గుండిగలూ చిన్నమ్మాయే వండింది. గ్రూపులో మిగతా ఆడవాళ్ళు కూరలు తరిగి, పేట పిల్లలకి వడ్డించేవాళ్ళు. ఈ సంగతి వాళ్ళకి తెలుసు, బయటికి చెప్పలేదు. వీరవేణి తొమ్మిదింటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చునేది, గంట కొట్టగానే గరిటె అందుకుని ఊరి పిల్లలకి వడ్డించేది. అన్నానికి అంటు తగలకుండా కట్టిన పట్టాయే ఆ అన్నం ఎవరిదో కనబడకుండా కాపాడింది. ఊరి పిల్లలు మారు వడ్డించుకుని తినేవాళ్ళు. "మా వీరవేణి చేతి పప్పుచారు తింటే ఇంట్లో అన్నం సహించట్లేదంట మావాడికి, పేటవాళ్ళ వంటకీ దీనికీ పోలికేంటి" అని సంపూర్ణమ్మ తన మనవడు హరిబాబు గురించి మురిసిపోయేది. ఆ మాట విన్నరోజున చిన్నమ్మాయి ఇంటికెళ్ళి సత్యవాణి ముందు పొట్ట పట్టుకుని నవ్వింది.

ఎందుకు చేసిందీ పని? మొదట జాలితో చేసింది. ఆ తర్వాత, తినండి, నా చేతి కూడే తినండి, అన్న కసితో చేసింది. కొన్నాళ్ళకి ఆ కసి కూడా చప్పబడిపోయింది. ఆవిడకి కావలసింది వాళ్ళు తినడం కాదు. తనదని తెలిసి తినడం. తెలియకుండా తింటే ఆవిడ చేతులకి దక్కిందేముంది? మళ్ళీ దొడ్డిదారే.

ఇంకో సంగతి కూడా ఆవిడ కనిపెట్టింది. వీరవేణి ఆ అన్నం అందరికీ పెట్టేది. కన్నకూతురు దేవిశ్రీకీ పెట్టేది. తను మాత్రం ఒక్క మెతుకు ముట్టేది కాదు. ఆకలేస్తే చెంబెడు నీళ్ళు తాగేది. ఎవరు వండారో తెలిసిన మనిషి ఊళ్ళో ఆ ఒక్కతే, ఆ ఒక్కతే తినలేదు. సంపూర్ణమ్మ మాటలకి నవ్విన చిన్నమ్మాయి దీనికి నవ్వలేకపోయింది.

దసరా సెలవుల ముందు ఒకరోజు ఇవతలి గుండిగలో పప్పుచారు అయిపోయింది. మూడో తరగతి సత్యవాణి, చిన్నపిల్ల, పట్టా ఎత్తి అవతలికెళ్ళి, "కొంచెం చారు వెయ్యండి" అని పళ్ళెం చాచింది. పళ్ళెం అంచు గుండిగకి తగిలి టంగుమంది. సరిగ్గా అప్పుడే సంపూర్ణమ్మ మనవడికి గొడుగు తెచ్చివ్వడానికి వచ్చి అక్కడే ఉంది.

వీరవేణి సంపూర్ణమ్మ మొహం చూసింది. పళ్ళేన్ని ఒక్క తోపు తోసింది. సత్యవాణి వెనక్కి పడింది. తర్వాత వీరవేణి ఆ గుండిగని రెండు చేతులా లాక్కుంటూ వెళ్ళి, చారంతా, దాని పక్కనున్న అన్నమంతా బడి వెనక కాలవలో పారబోసింది.

చిన్నమ్మాయి పొయ్యి దగ్గరే ఉంది. పొద్దున ఆరింటినుంచి తను ఉడికించిన పప్పు, తను వార్చిన అన్నం. తన చెయ్యి పడితే పనికొచ్చింది. తన మనవరాలి పళ్ళెం తగిలితే మైలపడింది. మెతుకులు నీళ్ళమీద తేలుతూ పేట రేవు వైపు వెళ్ళాయి. అప్పుడు నోరు విప్పి అరవాలనిపించింది. సత్యవాణిని ఎత్తుకుని, మోచేతి మీద గీసుకుపోయిన చోట పసుపు అద్దుతూ కూర్చుంది. పిల్ల ఒకటే అడిగింది. "అది నువ్వొండిందే కదమ్మమ్మా?"

పేట కుర్రాళ్ళు ఊరుకోలేదు. సంతకాలు పెట్టించి మండలాఫీసుకి అర్జీ పంపారు. సెలవులయ్యాక విచారణకి ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. వీరబ్రహ్మం మాస్టారు పేటకొచ్చి, చిన్నమ్మాయి గుమ్మంలో కూర్చోకుండానే మాట్లాడారు.

"రేపొక్కరోజు పట్టా తీసేస్తున్నామండి. పిల్లలంతా ఒకే వరసలో కూర్చుంటారు. వీరవేణమ్మ వడ్డిస్తుంది. మీరు వెనక ఉండండి చాలు. రోజూ ఇలాగే జరుగుతుందా, ఒకే వంటా అని అడుగుతాడు. అవునండీ అంటే అయిపోతుంది."

"కాదంటేనో?"

"కాదంటే వంట మీ గ్రూపునుంచి తీసేస్తారు. ప్రెసిడెంటుగారు అప్పుడే వేరే ఊరి గ్రూపుతో మాట్లాడి ఉంచారు. మీ మంచికోరి చెబుతున్నాను."

గ్రూపు ఆడవాళ్ళు కూడా అదే అన్నారు. అవుననెయ్యి చిన్నమ్మాయీ, కోతలదాకా పనుల్లేవు, అన్నారు. అందరికీ పిల్లలున్నారు. చిన్నమ్మాయి వాళ్ళని తప్పు పట్టలేదు. సరేనంది కూడా.

మర్నాడు గోనెపట్టా లేదు. పిల్లలంతా ఒకే వరసలో కూర్చున్నారు. ఊరి పిల్లలు ఓ చివర, పేట పిల్లలు ఓ చివర, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టే ఖాళీ. ఆఫీసరు నడివయసు మనిషి. చూస్తే చెడ్డవాడిలా లేడు. జగన్నాథరావుగారు, సంపూర్ణమ్మ ఆయన పక్కనే నిలబడ్డారు. వీరవేణి వడ్డిస్తోంది.

ఆఫీసరు చిన్నమ్మాయిని పిలిచాడు. "నువ్వేనా వంటమనిషివి? చెప్పమ్మా, అందరికీ ఒకే వంటేనా?"

చిన్నమ్మాయి ఇబ్బంది అక్కడే వచ్చింది. అవునంటే అబద్ధం కాదు. ఏడు నెలలుగా అందరికీ ఒకే వంటే. ఒక్క మాటంటే పని నిలబడుతుంది, మాటా తప్పినట్టవదు. కాగితం మీద ఆ ఊళ్ళో అంటూ లేదు ముట్టూ లేదు అని రాసుకుని ఆఫీసరు వెళ్ళిపోతాడు. రేపు పొద్దున మళ్ళీ పట్టా కడతారు. ఆవిడ వరస చివరనున్న సత్యవాణిని చూసింది. మోచేతి మీద గాయం ఇంకా పక్కు కట్టే ఉంది.

"ఒకే వంటేనండి," అంది. జగన్నాథరావుగారు ఊపిరి వదిలారు.

"నాదేనండి రెండూ. ఏడు నెలలనుంచి రెండు గుండిగలూ నేనే వండుతున్నాను. మధ్యలో గోనెపట్టా కట్టించారు. ఇటు తింటే పేటోళ్ళ కూడు, అటు తింటే వీరవేణమ్మగారి కూడు. మా పిల్ల పళ్ళెం తగిలిందని, నేను వండిందే కాలవలో పారబోశారండి. ఇవేళొక్కరోజే ఈ వరస. రేపుండదు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైంది సంపూర్ణమ్మకి. నోట్లో ముద్ద పెట్టుకోబోతున్న హరిబాబు చేతిమీద ఒక్కటి కొట్టింది. మెతుకులు నేల రాలాయి. "ఉమ్మెయ్, ఉమ్మెయ్!" అని అరిచింది. ఊరి పిల్లలు లేచి బోరింగు దగ్గరికి పరిగెత్తారు. ఇద్దరు ముగ్గురు గొంతులో వేళ్ళు పెట్టుకున్నారు. ఏడు నెలల అన్నం వేలు పెడితే వస్తుందా? ఒంటికి పట్టిన అన్నాన్ని ఎక్కడ కక్కుతారు? చిన్నమ్మాయికి ఇప్పుడు నవ్వు రావాల్సింది. రాలేదు. తను బొడ్డు కోసిన పిల్లలు తన కూడు కక్కుకోవాలని చూస్తుంటే ఆవిడ వంగి నేల రాలిన మెతుకులు ఏరింది.

సంపూర్ణమ్మ వీరవేణి దగ్గరికెళ్ళి చెంప పగలగొట్టింది. "ఇంత మోసం చేస్తావటే!" వీరవేణి చెంప పట్టుకుని చిన్నమ్మాయి వైపు చూసింది. ఆ చూపుని చిన్నమ్మాయి తప్పించుకోలేకపోయింది. నిజం చెప్పడానికి గుండె కూడగట్టుకుంది గానీ, దెబ్బ ఎవరి చెంపమీద పడుతుందో ఆలోచించలేదు.

ఆఫీసరు రాసుకున్నాడు. ప్రెసిడెంటుగారింట్లో కొబ్బరినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు, అది ఆ ఊళ్ళో వింతగా చెప్పుకున్నారు. ఇరవై రోజులకి ఉత్తర్వు వచ్చింది. ఒకే పొయ్యి, ఒకే గుండిగ, వంట పేట గ్రూపుదే. గెలిచారు. పేట కుర్రాళ్ళు మిఠాయి పంచారు.

ఆ సోమవారం బడి ముందు పసుపు రంగు వ్యానొచ్చి ఆగింది. టౌన్లో కాన్వెంటుది. హరిబాబుతో సహా ఊరి పిల్లలంతా టైలు కట్టుకుని ఎక్కేశారు. ఆస్తి ఉన్నవాళ్ళు ఆస్తి అమ్మి, లేనివాళ్ళు అప్పు చేసి పంపారు. గుండిగ ఒకటే అయింది. ఆ గుండిగ చుట్టూ పేట పిల్లలే మిగిలారు. కాన్వెంటు రోడ్డు అంత పొడుగు గోనెపట్టా అది. దాన్ని విప్పడానికి ఏ ఉత్తర్వూ సరిపోదని చిన్నమ్మాయికి అర్థమైంది.

ఊరినుంచి ఒక్క పిల్ల మాత్రం బడికి వచ్చింది. దేవిశ్రీ. వాళ్ళమ్మకి వ్యాను కట్టే తాహతు లేదు. వంటపని పోయింది, సంపూర్ణమ్మ ఇంట్లో గిన్నెలపనీ పోయింది. మొదటి రెండు రోజులూ దేవిశ్రీ అన్నం వేళకి అరుగు మీద ఒక్కతే కూర్చుని గోడకేసి చూసింది. క్యారేజీ కూడా తేలేదు. మూడో రోజు లేచి, వరసలోకొచ్చి, సత్యవాణి పక్కన కూర్చుని పళ్ళెం ముందు పెట్టుకుంది. చిన్నమ్మాయి వడ్డించింది. పిల్ల ముద్ద కలుపుకుని తల ఎత్తకుండా తింది.

అప్పుడు చూసింది చిన్నమ్మాయి, గేటు బయట వీరవేణి నిలబడి ఉంది. కూతురు తింటుందో లేదో చూసుకోవడానికి వచ్చింది కాబోలు. మనిషి చిక్కిపోయింది.

చిన్నమ్మాయి గరిటె పక్కన పెట్టి వెళ్ళింది.

"నా పొట్ట కొట్టావు చిన్నమ్మాయీ," అంది వీరవేణి.

"కొట్టానండి."

"నీకేం అన్యాయం చేశాను నేను?"

"నేనొండిన అన్నమని తెలిసీ కాలవలో పోశారు."

"సంపూర్ణమ్మగారు చూస్తోంది గదా. నన్నేం చెయ్యమంటావు?"

చిన్నమ్మాయికి సత్యవాణి మోచేయీ, ఈవిడ చెంపా రెండూ గుర్తొచ్చాయి. ఏది పెద్దదని తూచగలదు? లోపలికెళ్ళి ఓ పళ్ళెంలో అన్నం, పప్పుచారు వేసుకొచ్చింది. అలవాటు కొద్దీ పళ్ళెం నేలమీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది.

వీరవేణి పళ్ళెం వంక చూసింది. రోడ్డు వైపు చూసింది. రోడ్డు మీద ఊరివాళ్ళు ఇద్దరు సైకిళ్ళమీద వస్తున్నారు. వాళ్ళు దగ్గరికి రానే వచ్చారు. ఆవిడ గేటు లోపలికొచ్చి, కింద చతికిలబడి, పళ్ళెం ఒళ్ళోకి తీసుకుని తినడం మొదలుపెట్టింది. సైకిళ్ళు ఆగి, కాసేపు చూసి, వెళ్ళిపోయాయి. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆవిడ ఆగలేదు.

సగం తిన్నాక, "ఉప్పు తక్కువైంది," అంది.

"ఏడు నెలలనుంచి ఇంతే వేస్తున్నానండి. ఒక్కరోజూ చెప్పలేదేం?"

"ఒక్కరోజూ తినలేదుగా," అంది వీరవేణి.

చిన్నమ్మాయి షెడ్డులోకెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చింది. వీరవేణి ఎడంచెయ్యి చాపింది. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయంటారు, అందుకే ఎవరూ ఇవ్వరు. వాళ్ళిద్దరి మధ్యా రావలసిన తగువు ఎప్పుడో వచ్చేసింది. చిన్నమ్మాయి చిటికెడు ఉప్పు తీసి, పైనుంచి జారవిడవకుండా, ఆ అరచేతిలోనే పెట్టింది.